పొతోసీ గని, వరాఛా వీధి

బొలీవియాలో ఆండీస్ కొండల మీద, సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల పైన పొతోసీ ఉంది. తాపీ నది ఒడ్డున, సూరత్ రైల్వే స్టేషనుకు తూర్పువైపు వరాఛా పేట ఉంది. మొదటిది 1987లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన పాత నగరం. రెండోదాన్ని చూడటానికి ఎవరూ పనిగట్టుకుని టికెట్ కొనుక్కుని రారు. వస్తే పని కోసం వస్తారు, లేదా రాళ్ళు కొనడానికి వస్తారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాలని నాకు అనిపించడానికి మొదటి కారణం వెండి.

పొతోసీ పక్కనున్న సెర్రో రీకో కొండలో 1545లో వెండి పడింది. ఆ తరువాత వందేళ్ళపాటు ప్రపంచంలో కొత్తగా పుట్టిన వెండిలో పెద్ద వాటా ఆ ఒక్క కొండదే. అక్కడి టంకశాలలో ముద్రించిన ఎనిమిది రియాళ్ళ నాణెం స్పెయిన్ చేరి, ఆమ్‌స్టర్‌డామ్, లండన్ ఓడలెక్కి, ఎర్రసముద్రపు మోఖా రేవు మీదుగా కూడా సూరత్‌లో దిగేది. మొగలాయి రాజ్యంలో పరదేశపు నాణెం చెల్లదు. దాన్ని సూరత్ టంకశాలకు పంపి, కరిగించి, రూపాయలుగా మార్పించుకోవాలి. అంతకుముందే నాణేలు పరీక్షించే షరాఫు దాని మచ్చ చూసి ఇంత తరుగని చెప్పేవాడు. 1649లో పొతోసీ టంకశాల లోపలే మోసం బయటపడింది. వెండిలో రాగి ఎక్కువ కలిపారని తేలి, అందులో ప్రధాన పాత్ర ఉన్నవాడికి మరుసటి ఏడు మరణశిక్ష వేశారు. ఆ దెబ్బకు పొతోసీ ముద్ర ఉన్న నాణేన్ని ప్రపంచమంతా అనుమానంగా చూసింది.

కాబట్టి ఈ రెండు ఊళ్ళూ ఒకదాన్నొకటి ఎరగనివి కావు, పాత ఇచ్చిపుచ్చుకోలు ఉన్నవే. రెంటి బతుకూ చేతిపని మీద, ధగధగలాడే వస్తువు మీద నడిచింది. అలాంటి ఊరు చూడవచ్చినవాడికి ఏం చూపిస్తుంది, ఏం దాస్తుంది అన్నదే ఇక్కడ నేను తేల్చుకోదలచిన సంగతి.

పొతోసీలో ఎవరైనా మొదట చూసేది కాసా దె లా మొనేదా, 1773లో పూర్తయిన రెండో టంకశాల. ఒక బజారంత పొడవున్న రాతి భవనం. నడవా దాటి లోపలికెళ్ళగానే తోరణం మీద నవ్వే ముఖం ఒకటి వేలాడుతూ ఉంటుంది. తలకు ద్రాక్షగుత్తులు, బుగ్గలు ఉబ్బి, సగం వెటకారం, సగం దురాశ. అది ఎవరి ముఖమో ఊళ్ళో తలా ఒక కథ చెబుతారు. నాకు నచ్చింది మాత్రం ఆ పక్కనే ఉన్న చెక్క యంత్రాలు. వెండి దిమ్మెను రేకుగా సాగదీసే దంతచక్రాలు అవి, మనిషికంటే ఎత్తు, స్పెయిన్ నుంచి తెచ్చినవి. పై అంతస్తులో వెండి సాగుతుంటే కింది అంతస్తులో కంచరగాడిదలు గుండ్రంగా తిరుగుతూ ఆ ఇరుసును తిప్పేవి. చూడవచ్చినవాడు మెట్లు దిగి ఆ చీకటి గదిలోకి కూడా వెళ్ళవచ్చు. మెరిసే పనికి కింద ఇంకో అంతస్తు ఉందని తన కట్టడంతోనే ఒప్పుకున్న మ్యూజియాలు నాకు ఎక్కువ తెలియవు.

అక్కడే ఒక చిత్రం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో పేరు తెలియని చిత్రకారుడు గీసింది. కొండే మేరీమాత కట్టుకున్న వస్త్రం. ఆ వస్త్రం మీద దారులు, లామాల బారులు, పనివాళ్ళు చీమలంత. పైన ముఖం, రెండు చేతులు కొండలోంచి బయటికొచ్చినట్టు ఉంటాయి. పోలేరమ్మను, గట్టు మైసమ్మను ఎరిగిన మనకు ఈ బొమ్మను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సాన్ లొరెంసో చర్చి వాకిట చెక్కిన, చరాంగో అనే తీగల వాద్యం వాయించే మత్స్యకన్యలు కూడా అలాంటివే. ఆజ్ఞ స్పెయిన్‌దైనా ఉలి పట్టిన చెయ్యి ఆ నేలదని తెలిసిపోతుంది.

ఇంతవరకు ఏ చారిత్రక నగరమైనా చేసే పనే. పొతోసీ ఆ తరువాత చేసేది వేరు. కూలిపని జరుగుతున్న గనిలోకే పర్యాటకుణ్ణి తీసుకెళ్తుంది.

ముందు గనికార్మికుల బజారుకు వెళ్ళాలి. అక్కడ కోకా ఆకు, సిగరెట్లు, దాదాపు నిప్పులాంటి సారా, సీసా సోడా, డైనమైట్ కడ్డీ అన్నీ ఒకే కొట్లో దొరుకుతాయి. లోపల పనిచేసేవాళ్ళకు చూడవచ్చినవాళ్ళు పట్టుకెళ్ళే కానుకలు అవి. తరువాత రబ్బరు బూట్లు, తలకు దీపం. సొరంగం నోటి దగ్గర నడుం వంచితే మళ్ళీ నిటారుగా నిలబడటం ఎప్పుడో తెలియదు. దుమ్ము, వేడి, గాలి ఆడని చోట్లు, పట్టాల మీద వచ్చే తోపుడు బండి, పక్కకు తప్పుకోమని కేక. ఒక మలుపులో కొమ్ములున్న మట్టిబొమ్మ కూర్చుని ఉంటుంది. ఎల్ తీయో, అంటే మామ. పైన దేవుడిది రాజ్యమైతే కింద ఈయనది. నోట్లో వెలిగించిన సిగరెట్టు పెడతారు, ఒళ్ళో కోకా ఆకు చల్లుతారు, సారా పోస్తారు. గైడు చాలాసార్లు ఒకప్పటి గనికార్మికుడే.

దీన్ని తిట్టడం సులువు. పేదవాడి ఊపిరితిత్తులను వినోదంగా అమ్ముతున్నారని ఒక మాట అనేస్తే సరిపోతుంది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని అక్కడ చాలామంది నడివయసులోనే పోతారన్నది నిజం కూడా. కానీ నేను ఆ మాట అనేసి ఊరుకోలేను. 1570ల్లో వైస్రాయి తొలేదో పెట్టిన మీతా పద్ధతిలో, ఆండీస్ గ్రామాల నుంచి ఏడుగురు మగవాళ్ళలో ఒకడు చొప్పున, ఏటా పదమూడు వేలకు పైగా మనుషులు ఈ కొండకు బలవంతాన నడిచి వచ్చేవారు. అలాంటి కొండ ముందు నిలబడి, టంకశాల ఫొటోలు తీసుకుని దిగి వెళ్ళిపోవడంకంటే, నడుం వంచి లోపలికి పోవడం కొంత నయం. కనీసం ఒంటికి తెలుస్తుంది.

అయినా ఆ పర్యటనలో ఒక లోటు ఉంది. కళ్ళు ఒకవైపే పోతాయి. వచ్చినవాడు చూస్తాడు, పనివాడు చూడబడతాడు. కోకా పొట్లం ఇచ్చి పుచ్చుకున్నాక మాట అయిపోతుంది. 2005లో వచ్చిన ‘ద డెవిల్స్ మైనర్’ అనే డాక్యుమెంటరీ ఇదే కొండలో పనిచేసే పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించినది. అది వాడి వెంట గనిలోకే కాదు, బడికీ ఇంటికీ కూడా వెళ్తుంది. రెండు గంటల పర్యటనకు ఆ వ్యవధి లేదు. అందుకే గని చూసి వచ్చినవాడు చెప్పే కథలో పనివాడి కంటే తన భయమే ఎక్కువ ఉంటుంది.

ఇక సూరత్ సంగతి.

ఊరు చూపించమంటే సూరత్ వరుసగా చూపించేవి ఇవి. తాపీ ఒడ్డున 1540ల్లో కట్టిన కోట. దాన్ని కార్పొరేషన్ బాగుచేసి మ్యూజియంగా తెరిచింది. మక్కాకు పోయే యాత్రికుల కోసం 1644లో కట్టిన మొగల్ సరాయి, ఇప్పుడదే కార్పొరేషన్ కార్యాలయం. గోపీ తలావ్ అనే చెరువు. ఆపైన సమాధులు. కతార్‌గాం దర్వాజా దగ్గర ఇంగ్లిషువాళ్ళ శ్మశానంలో ఆక్సెండెన్ అన్నదమ్ములకు రెండంతస్తుల గుమ్మటం. దాన్ని తలదన్నాలని డచ్చివాళ్ళు 1691లో పోయిన వాన్ రీడ్‌కు ఇంకా పెద్దది కట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు. మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాల గ్రంథం తెచ్చిన మనిషి ఆయన. చచ్చాక కూడా కంపెనీలు పోటీపడ్డాయి. గుమ్మటాలు బాగున్నాయి, కాదనను. నీడ, పావురాలు, సున్నం ఊడిన మెట్లు, మధ్యాహ్నం అక్కడ కూర్చుంటే ఊరి చప్పుడు దూరంగా వినిపిస్తుంది.

కానీ ఆ వరుసంతా కొన్నవాళ్ళది. బట్ట నేసినవాడు, నీలి అద్దినవాడు, ఓడకు బస్తాలెత్తినవాడు ఎక్కడా లేరు. సూరత్ పర్యటన పద్దెనిమిదో శతాబ్దం దగ్గర ఆగిపోతుంది. ఆ తరువాతి నగరం ఎక్కడుందో తెలియాలంటే స్టేషను దాటి తూర్పుకు పోవాలి.

మన తెలుగువాళ్ళ సంగతి చెబితే, సూరత్‌లో ఉన్న బంధువుల ఇంటికి కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో వచ్చినవాళ్ళను రింగు రోడ్డు బట్టల మార్కెట్టుకు, సాయంత్రం డుమస్ బీచికి తీసుకెళ్తారు, చీరల మూటతో రైలెక్కిస్తారు. లింబాయత్‌లో మరమగ్గాల మధ్య మూడు తరాలుగా ఉన్న పద్మశాలీలున్నారు, కార్పొరేషన్ తెలుగు బడులున్నాయి. 1994 ప్లేగు తరువాత కమిషనరుగా వచ్చి, ఊరిని ఊడ్చి, ఆక్రమణలు కొట్టించి, సూరత్‌ను శుభ్రమైన నగరాల వరసలో నిలబెట్టింది సూర్యదేవర రామచంద్రరావు. ఇంత చుట్టరికం ఉండి కూడా మనం ఆ ఊళ్ళో చూసేది చీరల ధరలే.

వరాఛాకు పురాణం లేకపోలేదు. నది పక్కన అశ్వనీకుమార్‌లో మూడే ఆకులున్న మర్రి ఉంది. కర్ణుణ్ణి దహనం చేసింది అక్కడేనని నమ్మకం. భక్తులు వెళ్తారు. పేటకు అన్నం పెట్టింది మాత్రం అంతకంటే చాలా తరువాతి కథ. 1960ల నుంచి, మరీ ముఖ్యంగా 1980ల కరువు ఏళ్ళలో, సౌరాష్ట్ర పల్లెల నుంచి పటేళ్ళు పొలాలు వదిలి ఇక్కడికొచ్చి వజ్రం సానపట్టడం నేర్చుకున్నారు. ఇవాళ ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది సూరత్ చేతుల మీదుగా పోతాయని లెక్క. ఆ చేతులలో పెద్ద భాగం వరాఛా, కతార్‌గాంలవి.

మంగఢ్ చౌక్ దగ్గర మినీ బజార్ ఉంది. బోర్డు చూసి దుకాణాల వరుస అనుకుంటాం గానీ అసలు బజారు రోడ్డు మీదే. మధ్యాహ్నానికి వందలమంది మగవాళ్ళు, మామూలు చొక్కాలు, చెప్పులు, ఆపి ఉంచిన స్కూటర్ల మీద కూర్చుని ఉంటారు. స్కూటరు సీటే బల్ల. జేబులోంచి మడతలు పెట్టిన తెల్ల కాగితపు పొట్లం తీస్తారు. మీద పెన్నుతో బరువు, రెండు మూడు అంకెలు రాసి ఉంటాయి. మడతలు ఒక పద్ధతిలో విప్పాలి, లేకపోతే లోపలివి ఎగిరిపోతాయి. లోపల ఇంకో పలచని కాగితం, అందులో ఉప్పుగల్లంత రాళ్ళు. క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు. ఇక్కడ చేతులు మారేవాటిలో చాలా రాళ్ళు అందులో నూరో వంతో యాభయ్యో వంతో. అంత చిన్నదాని మీద కూడా యాభై ఏడు ముఖాలు చెక్కి ఉంటాయి. చిమటాతో ఒకటి పైకెత్తి, కంటికి భూతద్దం ఆనించి, వెలుగుకు కాస్త పక్కకు తిరిగి చూస్తారు. మళ్ళీ పొట్లం. తల అడ్డంగా ఊగుతుంది, లేదా ఒక అంకె పలుకుతారు. లక్షల సరుకు, కాగితం మీద సంతకం లేదు.

పదిహేడో శతాబ్దంలో సూరత్‌లో దిగి గోల్కొండ దారి పట్టిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే దక్కను గనుల గురించి రాస్తూ ఇలాంటి దృశ్యమే చెప్పాడు. ఊరి చెట్టు కింద వ్యాపారుల పిల్లలు, పది పదిహేనేళ్ళవాళ్ళు, తూకపురాళ్ళ సంచి పక్కన పెట్టుకుని కూర్చునేవారట. ఎవరైనా రాయి తెచ్చి వాళ్ళలో పెద్దవాడికి ఇస్తే, అది చేతులు మారుతూ మళ్ళీ అతని దగ్గరికే వచ్చేదట. మినీ బజార్‌లో చెట్టు బదులు స్కూటరు వచ్చింది.

ఈ వీధిలో నాకు నచ్చిన గుణం పొతోసీ గనిలో లేనిది. ఇక్కడ చూపు ఇద్దరిదీ. కొత్తవాడు వచ్చి నిలబడితే దళారి అతణ్ణి ముందు చూస్తాడు. కొనేవాడా, అమ్మేవాడా, ఊరకే తిరిగేవాడా అని క్షణంలో అంచనా వేస్తాడు. ఊరకే తిరిగేవాడని తేలితే పట్టించుకోడు. ఎవరూ నీ కోసం ఆగరు, ఏదీ నీ కోసం ప్రదర్శించరు, గైడు లేడు, కానుక లేదు. పర్యాటకుడిగా ఇంత తేలికపడే చోటు ఆ ఊళ్ళో ఇంకెక్కడా లేదు. టికెట్ లేని ఈ చూపును నేను గనిపర్యటన కంటే ఒక మెట్టు పైన పెడతాను.

అయితే ఒక మెట్టే. ఎందుకంటే వీధిలో కనిపించేది దళారి, పనివాడు కాదు. పనివాడు ఆ పక్క మేడల మీద, మూసిన కిటికీల వెనక, ఘంటీ చుట్టూ ఉన్నాడు. ఒక బల్ల, అందులో గిర్రున తిరిగే ఇనుప చక్రం, చుట్టూ నలుగురు. చక్రం మీద నూనెలో కలిపిన వజ్రపు పొడి. వజ్రాన్ని అరగదీయాలంటే వజ్రమే కావాలి. కడ్డీ కొసన బిగించిన రాయిని చక్రానికి ఆనించడం, ఎత్తి చూడటం, మళ్ళీ ఆనించడం, రోజంతా అదే. ఒకప్పుడు హీరాఘసు, వజ్రం రుద్దేవాడు, అని తేలిక చేసి పిలిచేవారు. ఇప్పుడు రత్నకళాకార్ అంటున్నారు. పిలుపు మారింది గానీ చాలామందికి కూలి మాత్రం ఇప్పటికీ రాయికి ఇంత అనే లెక్కలోనే. లోపలికి పోవాలంటే తెలిసినవాడు ఉండాలి. బయటికొచ్చేటప్పుడు పనివాడికైనా తనిఖీ ఉంటుంది.

పొతోసీ గని తెరుచుకుని, వరాఛా కార్ఖానా మూసుకుని ఉండటానికి కారణం ఊళ్ళ స్వభావం అనుకుంటే పొరపాటు. వాకిలి ఎవరిదన్నదే తేడా. 1985లో తగరం ధర కుప్పకూలాక బొలీవియా ప్రభుత్వ గనుల సంస్థ వేలాదిమందిని తీసేసింది. ఆ తరువాత కొండలో సహకార సంఘాలే మిగిలాయి. సంఘపు సభ్యుడు తన సొరంగంలో తనే తవ్వుకుంటాడు. అదృష్టమూ చావూ అతనివే. అందుకే పరాయివాణ్ణి లోపలికి రానివ్వగలడు, వాడు తెచ్చిన కోకా తీసుకోగలడు. రత్నకళాకార్ చేతిలో ఉన్న రాయి అతనిది కాదు, బల్ల అతనిది కాదు, మేడ అతనిది కాదు. తన పనిని చూడటానికి ఇంకొకణ్ణి పిలిచే హక్కు అతనికి లేదు. అలాంటి పనిని చూపించే పర్యటన ఎవరు పెట్టినా అది యజమాని పెట్టిన పర్యటనే అవుతుంది. బహుశా చల్లటి గది, గాజు తలుపు, శుభ్రమైన కోటు వేసుకున్న నలుగురు పనివాళ్ళు.

ఇక్కడ పోలికకు కళ్ళెం వెయ్యాలి. మీతాకూ సౌరాష్ట్ర వలసకూ సాపత్యం లేదు. బలవంతాన తోలబడినవాడు వేరు, కరువుకు మూట కట్టుకుని వచ్చినవాడు వేరు. పొతోసీలో కొల్లగొట్టిన వెండి సముద్రాలు దాటింది. దాని మీద మాడ్రిడ్ బతికింది, సూరత్ షరాఫు కూడా నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు. వరాఛాలో సొమ్ము కొంతైనా నిలిచింది. ఘంటీ దగ్గర కూర్చుని పని నేర్చుకున్నవాళ్ళే కొందరు కార్ఖానాల యజమానులయ్యారు, సౌరాష్ట్ర ఊళ్ళలో బడులు, చెరువులు కట్టించారు. ప్రమాదం కూడా వేరు. గనిలో దుమ్ము చంపుతుంది, ఇక్కడ బజారు చంపుతుంది. 2008లోనూ, 2023 తరువాత వచ్చిన మందగింపులోనూ పని పోయినవాళ్ళు, ఆత్మహత్యలు పత్రికలకెక్కాయి. న్యూయార్కులో ఉంగరాలు కొనడం తగ్గితే వరాఛాలో చక్రం ఆగుతుంది. గాలి తగలని సొరంగంలా అది కంటికి కనిపించదు, ఏ గైడూ అక్కడికి తీసుకెళ్ళలేడు.

వరాఛాకు గని లేదన్నది కూడా మరచిపోకూడదు. ముడి రాయి ఆఫ్రికా నుంచి, రష్యా నుంచి, ఆంట్‌వెర్ప్, దుబాయిల మీదుగా వస్తుంది. కాబట్టి వరాఛాను పొతోసీ గనితో కాకుండా పొతోసీ టంకశాలతో పోల్చడమే న్యాయం. గని ఎక్కడో, చక్రం ఇక్కడ. అప్పుడు కంచరగాడిదల గది గుర్తుకొస్తుంది. రెండు వందల యాభై ఏళ్ళ కిందటి ఆ చీకటి గదిలోకి దిగనిస్తున్నారు, ఇవాళ్టి గదిలోకి దిగనివ్వరు. మ్యూజియం ఎప్పుడూ పని ఆగిపోయాకే తలుపు తీస్తుంది.

ఆగిపోయినా తీయనివాళ్ళమూ ఉన్నాం. తవెర్నియే కొల్లూరు గనిలో ఆడ, మగ, పిల్లలు కలిసి అరవై వేలమంది పనిచేయడం చూశానని రాశాడు. కోహినూరు పుట్టిల్లు కొల్లూరేనని చాలామంది నమ్మకం. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ కొల్లూరు పులిచింతల జలాశయం కింద మునిగింది. మనం గోల్కొండకు వెళ్తాం, ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటాం, సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో చూస్తాం. వజ్రం అమ్ముడుపోయిన ఊరు చూశామంతే. తవ్విన ఊరు నీళ్ళ కింద ఉందని చెప్పే పలక మన పర్యటనల్లో ఎక్కడా తగలదు. సూరత్‌ను ఎత్తిపొడిచే ముందు ఈ బాకీ కూడా ఉంది మనకు.

2023 డిసెంబరు 17న ప్రధాని సూరత్ చివర ఖాజోద్‌లో డైమండ్ బోర్స్‌ను ప్రారంభించారు. తొమ్మిది టవర్లు, ఒక్కొక్కటి పదిహేను అంతస్తులు, నాలుగు వేలకు పైగా ఆఫీసులు. అమెరికా రక్షణ శాఖ భవనం పెంటగాన్ కంటే విశాలమని దేశమంతా చెప్పుకున్నారు. చూడదగ్గ కట్టడమే, ఫొటోకు బాగా వస్తుంది. సూరత్‌కు వచ్చే పర్యాటకుల జాబితాలోకి ఇప్పటికే ఎక్కింది. వర్తకులు మాత్రం వజ్రాల బేరం జరిగే మహీధర్‌పురా సందులను, మినీ బజార్‌ను వదిలి అంత త్వరగా కదల్లేదు. పొట్లం విప్పడానికి అంతస్తులు అక్కర్లేదు. పైగా నిలబడి చూసుకునేవాళ్ళలో చిన్న దళారులెక్కువ, ఆఫీసు అద్దె కట్టగలవాళ్ళు తక్కువ. బజారంతా టవర్లలోకి పోతే గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు. అప్పుడు వరాఛాలో అందరికీ తెరిచి ఉన్న ఆ ఒక్క చోటూ కార్ఖానాలాగే మూసుకుపోతుంది. పని చూపించని ఊరు బేరం కూడా చూపించకుండా పోతుంది.

చూడదలచినవాళ్ళు దీపావళి తరువాతి రెండు మూడు వారాలు మాత్రం వెళ్ళకండి. కార్ఖానాలు మూసి ఉంటాయి, సగం వరాఛా సౌరాష్ట్రలో సొంత ఊళ్ళలో ఉంటుంది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం భోజనం వేళ దాటాక వెళ్ళి, రోడ్డు పక్కన నిలబడండి. కెమెరా సంచిలోనే ఉంచండి.